గంగామణి గొంతు

కరెంటు పోయి గంట దాటింది. వంటింట్లో చెమటలు తుడుచుకుంటూ గంగామణి రొట్టెలు చేస్తోంది. అంతలో వీధివైపు నుంచి తన పాట వినిపించింది. పోయిన ఏడాది క్యాసెట్టులోది, బావా మరదళ్ళ పాట. అది వినబడినప్పుడల్లా పళ్ళు బిగించుకుని పనిలో తల దూర్చడం ఆమెకు అలవాటైపోయింది. అలాగే పళ్ళు బిగించి, పెనం మీద రొట్టె తిరగేయబోయింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కరెంటు లేదు కదా... టేపు ఎలా మోగుతోంది?

ఇంటి ముందుగదే ఆమె భర్త పురుషోత్తం నడిపే క్యాసెట్ల షాపు. తలుపు దగ్గరకు వెళ్ళి చూసింది. షాపు బల్ల మీద ఐదేళ్ళ కూతురు రజిత నిలబడి పాడుతోంది. క్యాసెట్టులో తల్లి ఎక్కడ గొంతు సాగదీసిందో అక్కడ సాగదీస్తూ, ఎక్కడ ముద్దుగా నత్తి పలికిందో అక్కడ నత్తి పలుకుతూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడుతోంది! ఆ మాటల వెనక దాగిన రెండో అర్థం ఆ పసిదానికి తెలియదు. తెలిసినవాళ్ళు, ఎదురుగా బెంచీ మీద చాయ్ తాగుతున్న నలుగురు మగవాళ్ళు, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పురుషోత్తం బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తూ, గర్వంతో వెలిగిపోతున్నాడు.

గంగామణి బిడ్డను బల్ల మీద నుంచి లాగి చంకనేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. దాన్ని కింద దించడమే ఆలస్యం, గోడవారన కూలబడి వాంతి చేసుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినని కడుపు. పసరు తప్ప మరేమీ రాలేదు. అయినా వికారం ఆగలేదు. తన గొంతే తన కడుపులో చేరి కుళ్ళినట్టు అనిపించింది.

పెరట్లో చాట ముందు కూర్చుని అత్త హన్మవ్వ బీడీలు చుడుతోంది. కోడలివైపు ఒక్కసారి చూసింది. లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళి మళ్ళీ చాట ముందు కూర్చుంది. ఆరేళ్ళ కాపురంలో అత్త ఆమెతో ఆడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తిట్టింది లేదు, కొట్టింది లేదు. కానీ పాట కచేరీకి పోయి వచ్చిన ప్రతిసారీ కోడలి ముఖం చూడలేనట్టు తల తిప్పుకునేది. ఆ తల తిప్పుకోవడమే గంగామణికి అన్నిటికంటే పెద్ద దెబ్బ. తన మీద అత్తకు అసహ్యం అని ఆమెకు తెలుసు. తప్పు పట్టలేకపోయేది కూడా... తన మీద తనకే అసహ్యమైనప్పుడు ఇంకొకరిని ఏమని అంటుంది?

గంగామణిది తాడ్వాయి. తండ్రి ఎల్లయ్య భజనల్లో తాళం వేసేవాడు. పదకొండో ఏట ఆమె బడిలో పంద్రాగస్టు నాడు పాడిన పాట విని, మురిసిపోయి, కామారెడ్డిలో టేపులు బాగుచేసి పాటలు రికార్డు చేసే ఖుద్దూస్ సాబ్ దగ్గరకు కూతుర్ని తీసుకెళ్ళాడు. మేకపిల్ల మీద, బడిగంట మీద, వానచినుకుల మీద పది పాటలతో ఒక క్యాసెట్టు తయారైంది. దుబాయి, మస్కట్ పోయి వచ్చినవాళ్ళు ఊరూరా టేప్ రికార్డర్లు తెచ్చిన రోజులవి. ఎల్లారెడ్డి నుంచి బీర్కూర్ దాకా ఏ ఇంటి గుమ్మంలో చూసినా ‘బేబీ గంగ’ మోగింది. పిల్లలు ఆ పాటలు వింటూ నిద్రపోయేవారు.

పద్దెనిమిది నిండగానే కామారెడ్డి మైకుసెట్ల పురుషోత్తం ఆమెను అడిగి చేసుకున్నాడు. కట్నం అక్కర్లేదు, పిల్ల పాటంటే నాకు ప్రాణం అన్నాడు. ఎల్లయ్య పొంగిపోయాడు. పెళ్ళయిన రెండో ఏడే ఆయన కన్నుమూశాడు. తల్లి అంతకు ముందే పోయింది. ఇక పుట్టిల్లంటూ లేకుండా పోయాక, పురుషోత్తం అసలు సంగతి బయటపెట్టాడు. మేకపిల్లల పాటలు ఇప్పుడెవరూ కొనరట. కొత్త పాటలు రాయించాడు. చీర కొంగుల గురించి, మంచాల చప్పుళ్ళ గురించి, బస్సులో ఇరుకు గురించి... చదువుతుంటేనే ఆమెకు చెవులు మండిపోయాయి. కానీ గొంతు మాత్రం ఆ పదకొండేళ్ళ పిల్లదే ఉండాలి! ఆ పసి గొంతుతో ఆ పాడు మాటలు పలికితేనే జనం పడి పడి నవ్వుతారన్నాడు.

నవ్వారు కూడా. ఒక బిడ్డను కన్న మనిషి రెండు జడలు వేసుకుని, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, మోకాళ్ళ దాకా ఫ్రాకు తొడుక్కుని పెళ్ళిళ్ళలో స్టేజీ ఎక్కేది. జనం ఈలలు వేసేవారు. పెద్దమనుషులు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఇంటికొచ్చి ఎన్ని చెంబుల నీళ్ళు పోసుకున్నా ఒంటి మీద జిడ్డు పోయేది కాదు. ఒకసారి ధైర్యం చేసి, చీర కట్టుకుని నా సొంత గొంతుతో ఆడవాళ్ళ పాటలు పాడతానని అడిగింది. పురుషోత్తం విరగబడి నవ్వాడు. ఆడదాని ఏడుపు ప్రతి ఇంట్లో ఉత్తగనే దొరుకుతుంది, ఎవడు కొంటాడు అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ రోజు అన్నం దగ్గర కూర్చుని పురుషోత్తం చల్లగా చెప్పాడు. వచ్చే గురువారం రజిత పాటలు రికార్డు చేయిస్తాడట. ‘కొత్త బేబీ గంగ’ అని పేరు పెడతాడట. పాటలు అవే, ఆ తీరువే.

గంగామణి చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

“అది పసిపిల్ల. ఆ మాటలు దాని నోట్లె పెట్టకు.”

“మరి నువ్వు పాడుతవా? నీ గొంతు లావైపోయింది. పోయినేడు రెండు క్యాసెట్లు నీ గొంతుతోనే అయినయనుకుంటున్నవా? నిన్ను మెల్లగ పాడించి, ఖుద్దూస్ సాబ్‌తోని మిషన్ జోరుగ తిప్పించిన. గప్పుడు సన్నగైంది. ఎన్నాళ్ళని గట్ల తిప్పిస్త?” అన్నాడు. తోటకూర బేరం చేసినంత తేలికగా.

గంగామణి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడాదిగా ఊరంతా మోగుతున్నది తన గొంతు కూడా కాదా? తన అసలు గొంతు మరి ఎలా ఉంటుంది? మర్నాడు, భర్త తాడ్వాయిలో ఒక పెళ్ళికి మైకుసెట్టు కట్టడానికి పోగానే, బిడ్డను చంకనేసుకుని స్టేషన్ రోడ్డులో ఖుద్దూస్ సాబ్ గదికి వెళ్ళింది. మిషన్ తిప్పకముందు పాడిన టేపు వినిపించమని అడిగింది.

ఆ ముసలాయన తల పైకెత్తలేదు. వద్దు బేటీ, బాధపడతావన్నాడు. ఆమె కదలకుండా నిలబడేసరికి రజితకు ఒక బిస్కెట్టు ఇచ్చి వరండాలో కూర్చోబెట్టి వచ్చి, అలమారాలో నుంచి ఒక టేపు తీసి పెట్టాడు.

గదిలో ఎవరో పెద్దమనిషి, ఒక నిండు ఆడమనిషి, పాడటం మొదలుపెట్టింది. గొంతులో కాస్త బొంగురు ఉంది, లోతు ఉంది. బిడ్డను కన్న నొప్పి, తండ్రిని పోగొట్టుకున్న దిగులు అన్నీ అందులో ఉన్నాయి. ఇది నేనా అనుకుంది గంగామణి. ఒళ్ళు ఝల్లుమంది. కానీ ఆ గొంతు పలుకుతున్న మాటలు! పిల్ల గొంతులో వెకిలి నవ్వు వెనక దాక్కున్న మాటలు ఈ పెద్ద గొంతులో ఎక్కడా దాక్కోలేక, బట్టల్లేకుండా బజార్లో నిలబడ్డట్టున్నాయి. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఇంత మంచి గొంతులో ఇంత చెత్త పోశానా... నా చేతులారా నేనే పోశానా...

ఖుద్దూస్ సాబ్ టేపు ఆపేశాడు.

“మిషన్ తిప్పింది నా చెయ్యే అమ్మా. కడుపు కోసమని తిప్పిన. ఇంట్ల నా మనవరాలు గా పాట పాడితే మా ముసలిది అజ్మత్ బీ దాని చెంప మీద కొట్టింది. కొట్టవలసింది నన్ను,” అన్నాడు. రజిత పాట మాత్రం తన గదిలో రికార్డు కానివ్వనని మాట ఇచ్చాడు.

ఆయన మాట మీద నిలబడ్డాడు. దాంతో పురుషోత్తం ఇంకా మొండికేశాడు. హైదరాబాదులోనే చేయిస్తానని గురువారం పొద్దున్నే జీపు తెప్పించాడు. రజితకు కొత్త ఫ్రాకు కొన్నాడు. జీపెక్కుతానన్న సంతోషంలో ఆ పిల్ల గుమ్మంలో గెంతులేస్తోంది. గంగామణి వెళ్ళి దాన్ని రెండు చేతులతో చుట్టేసి నేల మీద కూర్చుండిపోయింది. ఎవరు లాగినా వదిలేది లేదన్నట్టు.

జీపు డ్రైవరు చూస్తున్నాడు, ఇరుగుపొరుగు చూస్తున్నారు. పురుషోత్తానికి తల కొట్టేసినట్టయింది. అప్పుడతను అందరూ వినేలా అన్నాడు.

“నువ్వు పాడలేదా? గప్పుడు లేని సిగ్గు గిప్పుడు ఎక్కడికెళ్ళి వచ్చింది?”

ఆ మాట సూటిగా వచ్చి గుండెలో దిగింది. నిజమే కదా, పాడింది. ఏడుస్తూనో, పళ్ళు బిగించుకునో... పాడింది! బిడ్డను పట్టుకున్న చేతులు ఒక్క క్షణం సడలాయి.

“పాడింది,” అన్నది హన్మవ్వ.

అందరూ తిరిగి చూశారు. పెరటి గుమ్మంలో నిలబడి ఉంది ఆవిడ. ఒళ్ళో నుంచి తునికాకు ముక్కలు రాలుతున్నాయి. చేతిలో కత్తెర అలాగే ఉంది.

“ఎందుకు పాడిందో నాకెరుక. వద్దనెటోళ్ళు ఈ ఇంట్ల ఒక్కలు లేకుండె. నేను సుత అనలే. నాలుగేండ్ల సంది దీని ముఖం చూస్తే నా కడుపుల దేవేది. కోడలు అసుంటిదనుకున్న. మొన్న గోడకాడ అది కక్కుకుంటుంటే సమజైందిరా నాకు. నా కడుపుల దేవింది దాన్ని చూసి కాదు. దాని ఎన్క నిలవడి అమ్ముకునెటోన్ని చూసి. నిన్ను చూసి. నిన్ను కన్న నన్ను చూసి.”

పురుషోత్తం ముఖం నల్లబడింది. అవ్వా, నీకు తెల్వది, లోపలికి పో అన్నాడు.

“పోత. లోపలికి కాదు.”

ఆవిడ వెనక్కి తిరిగింది. చాట, కత్తెర, రెండు చీరలు గుడ్డలో మూటగట్టింది. కోడలి భుజం పట్టి లేపింది. ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ఆ చెయ్యి తన భుజం మీద పడేసరికి, గంగామణికి అంతసేపూ ఆగిన ఏడుపు కట్ట తెగింది. నాలుగు రోజుల్లో మీరే తిరిగొస్తారని వెనక నుంచి పురుషోత్తం అరుస్తూనే ఉన్నాడు. ముగ్గురూ బస్టాండుకు నడిచి ఎల్లారెడ్డి బస్సెక్కారు.

ఎల్లారెడ్డి హన్మవ్వ పుట్టినూరు. తమ్ముడు మైసన్న తన ఇంటి పక్క గది ఇచ్చాడు. అత్తా కోడళ్ళు బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. గంగామణికి మొదట్లో వేళ్ళు సాగేవి కావు. ఆకు చినిగిపోయేది, దారం ముడిపడేది కాదు. అత్త ఏమీ అనకుండా పక్కన కూర్చుని విప్పి మళ్ళీ చుట్టి చూపించేది. రజితను ఆ ఊరి బడిలో వేశారు.

కానీ రెండు నెలలు గంగామణి నోరు తెరిచి ఒక్క పాట పాడలేదు. పాడబోతే, పదమూడేళ్ళ అలవాటు కదా, ఆ నత్తి గొంతే తన్నుకొచ్చేది! బిడ్డను జోకొట్టడానికి కూడా అదే వచ్చేది. వినగానే నోట్లో పురుగు పడ్డట్టు ఉమ్మేసేది. ఇక నాకు పాట లేదు, నా గొంతును వాడే తినేశాడు అని ఒకరోజు అత్త ముందు కన్నీళ్ళు పెట్టుకుంది.

హన్మవ్వ బీడీ చుడుతూనే అన్నది, “గిప్పుడు నాతోని మాట్లాడుతున్నవు గద, గిదే గొంతుతోని పాడు.”

అంత చిన్న మాట! ఆమెకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పని మాట. గంగామణి ఆ మధ్యాహ్నం, మాట్లాడుతున్నట్టే, మెల్లగా, తండ్రి భజన పాట ఒకటి ఎత్తుకుంది. మధ్యలో రెండుసార్లు పాత గొంతు అడ్డం వచ్చింది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మూడోసారి పాట చివరిదాకా వెళ్ళింది. హన్మవ్వ ఒళ్ళో ఆకు కత్తిరించకుండా అలాగే ఉండిపోయింది.

పక్కింటి దేవవ్వ వాళ్ళతోపాటు బీడీలు చుట్టేది. ఆమె భర్త మస్కట్ పోయి మూడేళ్ళయింది. ఉత్తరం వస్తే చదివించుకోవడానికి గంగామణి దగ్గరకు తెచ్చేది. కవరు చించుతుంటే ఆమె చేతులు వణకడం చూసి, చూసి, గంగామణి తన జీవితంలో మొట్టమొదటి పాట తానే కట్టింది.

ఆకు సుట్టిన చెయ్యి, అన్నం కలిపిన చెయ్యి
నీ ఉత్తరం ఇప్పంగ ఒణికింది నా చెయ్యి...

ఆ పాట వరండాలో కూర్చున్న పదిమంది ఆడవాళ్ళను ఏడిపించింది. వాళ్ళ నోటి నుంచి వాడంతా పాకింది. దాని వెంట ఇంకొన్ని పాటలు కట్టింది గంగామణి.

ఊళ్ళో కుర్రాళ్ళ సంఘం నడిపే హన్మంతు, బేబీ గంగ మన ఊళ్ళోనే ఉందని తెలిసి, సంఘం వార్షికోత్సవానికి పాడమని అడిగాడు. చీరలోనే వస్తాను, నేను కట్టిన పాటలే పాడతాను అన్నది. హన్మంతు సగం మనసుతో ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం స్టేజీ ఎక్కేసరికి ముందు వరుసల్లో గోల మొదలైంది. ఫ్రాకు ఏది, రిబ్బన్లు ఏవి అని కేకలు వేశారు. పాత పాట పేరు చెప్పి అదే పాడమన్నారు. ఆమె కళ్ళు మూసుకుని దేవవ్వ మీద కట్టిన ఉత్తరం పాట ఎత్తుకుంది. ఎవడో పల్లీల పొట్టు విసిరాడు. అది వచ్చి ఆమె చీర మీద పడింది. సగం మంది మగవాళ్ళు లేచి పోయారు. ఆమె పాడుతూనే ఉంది. అసహ్యం ఆమెకు కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు మొదటిసారి అది తన మీద కాదు, పొట్టు విసిరిన ఆ చేతి మీద! గోడవారన నిలబడ్డ ఆడవాళ్ళు ఖాళీ అయిన ముందు వరుసల్లోకి వచ్చి ఒక్కొక్కరుగా కూర్చున్నారు. పాట అయిపోయాక ఒక ముసలవ్వ లేచి, మళ్ళొకసారి పాడు బిడ్డా అన్నది.

ఆ వారమే ఖుద్దూస్ సాబ్ కబురు పంపాడు. ఎనిమిది పాటలు రికార్డు చేశాడు. ఈసారి మిషన్ మీద చెయ్యి వెయ్యను అమ్మా, నువ్వెలా పాడితే అలాగే అన్నాడు. అట్ట మీద చీర కట్టుకున్న ఫోటో, గంగామణి అన్న పేరు. షాపులవాళ్ళు చూసి పెదవి విరిచారు. బేబీ గంగ కొత్తది లేదా అని అడిగారు. నెలలు గడిచాయి. ఒక ఇల్లాలు విని ఇంకొకరికి చెప్పడం, గల్ఫ్‌కు పోయేవాడి సంచిలో భార్య ఒకటి పెట్టడం... అలా అది మెల్లగా నడిచింది.

అయితే పాత క్యాసెట్లు ఎక్కడికి పోతాయి? ఒకరోజు రజితను బడి నుంచి తెస్తూ ఆటో ఎక్కింది. డ్రైవరు టేపు వేశాడు. అదే నత్తి గొంతు, అవే మాటలు. పక్కన కూర్చున్నవాడు తొడ మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వాడు. గంగామణి ఆటో ఆపించి దిగి, ఎండలో బిడ్డ చెయ్యి పట్టుకుని నడిచింది. అన్న మాట తిరిగి నోట్లోకి రాదు. ఊరూరా తిరుగుతున్న ఆ గొంతు తాను చచ్చాక కూడా ఎవడినో నవ్విస్తూనే ఉంటుంది. ఆ మురికితోనే బతకాలని ఆ రోజు ఆమెకు అర్థమైంది.

ఏడాదిన్నర తర్వాత ఒక ఆదివారం పురుషోత్తం వచ్చాడు. మనిషి సగమైపోయాడు. షాపు సరిగా నడవడం లేదట, ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదట. హన్మవ్వ కొడుకును చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చాట కొంచెం పక్కకు జరిపింది. రజిత వచ్చి నాయినమ్మ వీపు చాటున నిలబడింది.

అతను గడప పక్కన నేల మీద తానే కూర్చుని మాట మొదలుపెట్టాడు.

“మొన్న బాన్సువాడ బస్సుల ఒక పాట ఏసిండ్రు. పక్కసీట్ల ఒకామె ఏడుస్తుంది. నాకు సుత ఎట్లనో అయింది. ఎవరు పాడిండ్రని కండక్టర్ను అడిగిన. నీ పేరు చెప్పిండు.” కళ్ళు తుడుచుకున్నాడు. “నా పెండ్లాం గొంతు నేను పోల్చలే గంగా.”

గంగామణి అతనివైపు చూసింది. కోపం ఎప్పుడో చల్లారింది. జాలి కూడా కొంచెం కలిగింది. కానీ కడుపులో ఆ వికారం మాత్రం అడుగున ఎక్కడో ఇంకా కదులుతూనే ఉంది.

“నువ్వెప్పుడు ఇన్నవు గనుక?” అన్నది మెల్లగా.

పురుషోత్తం రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. షాపులో ఉన్న పాతవన్నీ తీసేశానని వెక్కుతూ చెప్పాడు. తల్లి కాళ్ళ దగ్గరకు జరిగి, అవ్వా తప్పైంది అన్నాడు. హన్మవ్వ కొడుకు తల మీద చెయ్యి వెయ్యలేదు. తప్పయింది నాకు కాదు, గా పిల్లకు చెప్పు అన్నది. అతను రజితవైపు చూశాడు. ఆ పిల్ల నాయినమ్మ వీపు వెనక్కి ఇంకా నక్కేసరికి తల దించేసుకున్నాడు.

గంగామణి లోపలికి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. అతని ముందు పెట్టి, కొంచెం దూరంగా, గోడకు ఆనుకుని కూర్చుంది. అతను తలవంచుకుని తిన్నాడు. తిన్నాక లేచి, చెప్పులు తొడుక్కుని, వచ్చే ఆదివారం రావచ్చా అని అడిగాడు.

ఆమె రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.